అసైలం (వేరే దేశంలో శరణు) కేసులో దేశం పరిస్థితి ఎలా చూడాలి

"ఆ దేశం డేంజరా కాదా" అని మొదలుపెడితే జవాబు దొరకదు, దొరికినా కేసుకి పనికిరాదు. అడగాల్సింది ఒకటే, ఈ మనిషి ఇవాళ తన ఊరికి తిరిగి వెళ్తే ఏమవుతుంది అని. పారిపోయి వచ్చిన రోజున ఎలా ఉందన్నది ముఖ్యమే, కానీ తీర్పు మాత్రం ఇవాళ్టి పరిస్థితి మీదే.

ముందు మ్యాప్ తెరవండి. దేశం మొత్తం కాదు, జిల్లా చూడాలి. ఆ జిల్లా ఎవరి చేతిలో ఉంది, ఎయిర్‌పోర్ట్ నుంచి అక్కడికి వెళ్ళే రోడ్డు మీద చెక్‌పోస్టులు ఎవరివి, ఇది చాలామంది వదిలేస్తారు, ఊరు ప్రశాంతంగా ఉన్నా దారిలో ప్రాణం పోతే ఏం లాభం చెప్పండి.

తర్వాత తేదీ. సోమాలియా సంగతి చూడండి, 2011లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు రాజధాని మొగదిషులో హింస ఎంత తీవ్రంగా ఉందంటే, పెద్దవాళ్ళ అండ గట్టిగా ఉన్నవాళ్ళు తప్ప అక్కడ ఎవరికైనా ముప్పే అంది. అదే కోర్టు 2013లో ఇంకో కేసులో అదే ఊరి గురించి, పరిస్థితి మారింది, ఇప్పుడు అందరికీ అలాంటి ముప్పు లేదు అని చెప్పింది. మధ్యలో అల్ షబాబ్ అనే సాయుధ గ్రూపు నగరం వదిలి వెళ్ళింది. రెండేళ్ళ పాత రిపోర్టు పట్టుకుని ఒకరి జీవితం తేల్చేయడం నాకైతే ఘోరంగా అనిపిస్తుంది.

ఇక అంకెలు. ఏక్లెడ్ లాంటి డేటాబేస్‌లో ఏ ఊళ్ళో ఎన్ని దాడులు, ఎంతమంది పోయారు అన్నీ దొరుకుతాయి, వాడండి, కానీ అవి బయటికి వచ్చిన వార్తల లెక్క మాత్రమే, రిపోర్టర్లు పారిపోయిన చోట, ఇంటర్నెట్ కట్ చేసిన చోట లెక్క తక్కువ కనిపిస్తుంది, అక్కడ తక్కువ అంటే ప్రశాంతం అని కాదు. జర్మనీలో జనాభాతో పోలిస్తే ఇంతమంది చనిపోతేనే రక్షణ అన్నట్టు ఒక కనీస లెక్క పెట్టుకుంటే, 2021లో యూరోపియన్ యూనియన్ కోర్టు అది కుదరదు అంది. గొడవ తీవ్రత, ఎన్నాళ్ళుగా నడుస్తోంది, ఎంత మేర పాకింది, సాయుధ గ్రూపులు ఎంత పకడ్బందీగా ఉన్నాయి, కావాలని సామాన్యుల మీద దాడి చేస్తున్నారా, అన్నీ కలిపి చూడాలి.

అసలు కష్టం మనిషి దగ్గరే వస్తుంది. అదే యూరోపియన్ యూనియన్ కోర్టు 2009లో ఒక ఇరాక్ దంపతుల కేసులో చెప్పిన సూత్రం గుర్తుపెట్టుకోండి, ఆ మనిషికి ప్రత్యేకంగా ముప్పు తెచ్చే కారణాలు ఎంత ఎక్కువ చూపించగలిగితే, చుట్టూ ఉన్న హింస అంత తక్కువైనా సరిపోతుంది. అఫ్గానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబాన్ వచ్చాక బాంబులు, పోరాటాలు బాగా తగ్గాయి, హింస గ్రాఫ్ ఒక్కటే చూస్తే బాగుపడింది అనుకుంటారు, కానీ ఆడపిల్లలకి ఆరో తరగతి తర్వాత చదువు ఆపేశారు, ఆడవాళ్ళ ఉద్యోగాల మీద, బయట తిరగడం మీద గట్టి ఆంక్షలు పెట్టారు. అందుకే 1951 శరణార్థుల ఒప్పందంలో ఉన్న జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం ఈ ఐదు కారణాలని విడిగా చూడాలి, హింస లెక్కతో కలిపేయొద్దు.

"వేరే ఊరికి వెళ్ళి బతకొచ్చుగా" అనేముందు మూడు చూడండి: అక్కడికి క్షేమంగా, చట్టబద్ధంగా వెళ్ళగలరా, రానిస్తారా, వెళ్ళాక నిలదొక్కుకోగలరా. చిన్నపిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లికీ, చదువుకున్న కుర్రాడికీ ఇక్కడ జవాబు ఒకటి కాదు.

సోర్సులు మూడు నాలుగు ఉండాలి, అవన్నీ ఒకే రిపోర్టుని కాపీ కొట్టినవి అయితే ఒకటే లెక్క. మూలం దాకా వెళ్ళి చూడండి, ఎకోయ్ డాట్ నెట్‌లో చాలావరకు ఒకేచోట దొరుకుతాయి. ప్రతి వాక్యం పక్కన తేదీ రాసుకోండి.

తీర్పు రాసే రోజు ఇంకోసారి వెతకండి. 2024 డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం పడిపోయింది, నవంబర్‌లో రాసిన ఫైలు అప్పటికే పాతబడిపోయింది. అసద్ జైళ్ళకి భయపడి వచ్చినవాళ్ళకి ముప్పు తగ్గి ఉండొచ్చు, కానీ 2025 మార్చిలో తీరప్రాంతంలో అసద్ మతవర్గమైన అలావీ కుటుంబాలని ఇళ్ళల్లోకి దూరి చంపారు, ఆ వర్గం వాళ్ళెవరైనా మీ ముందు కూర్చుంటే ఫైలు మళ్ళీ మొదటి నుంచి చదవాలి.