చిన్న ఇంజన్‌తో డ్యూనాకు వెళ్లేవారు దానిని విడతలవారీగా మండించండి

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే అంతరిక్షయాన కంప్యూటర్ ఆటలో బలహీనమైన ఇంజన్‌తో, అంగారకుడిని పోలిన డ్యూనా గ్రహానికి బయలుదేరేటప్పుడు, పది నిమిషాల పాటు ఏకధాటిగా మండించే పథకం వేసుకోకండి. ఆటలో భూమి లాంటి గ్రహమైన కెర్బిన్ చుట్టూ 80 కిలోమీటర్ల ఎత్తున ఒక ప్రదక్షిణకు సుమారు అరగంటే పడుతుంది కనుక, ఆ పది నిమిషాల్లో నౌక వలయంలో మూడో వంతు తిరిగిపోయి, తోపు దిశకూ ప్రయాణ దిశకూ పొంతన తప్పి, ఇంధనం వృథా అవుతుంది. దానికి బదులు, నౌక కెర్బిన్‌కు అతి దగ్గరగా, అత్యధిక వేగంతో ఉన్న చోట ప్రతి ప్రదక్షిణలోనూ రెండు మూడు నిమిషాలే మండిస్తూ, కక్ష్య అవతలి కొసను క్రమంగా పెంచుకుంటూ పోయి, చివరి విడతలో గ్రహాన్ని వీడండి.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన మంగళయాన్, 440 న్యూటన్ల ఇంజన్‌తో ఇలాగే కక్ష్యను పెంచుకుంటూ, డిసెంబరు 1న అర్ధరాత్రి దాటాక అంగారకుడి దారి పట్టింది.

అయితే కక్ష్య సాగేకొద్దీ ప్రదక్షిణ కాలమూ పెరుగుతుంది కనుక, ప్రయాణ ముహూర్తానికి కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి. అవతలి కొస 12,000 కిలోమీటర్ల దూరంలోని, కెర్బిన్‌కు చందమామ లాంటి మన్ కక్ష్యను సమీపించకుండా చూసుకోవాలి, లేకుంటే దాని ఆకర్షణ లెక్కలన్నీ తారుమారు చేస్తుంది.