ఇంట్లో వస్తువుల్ని గుణాలను బట్టి విడదీయడం ఎలా

కొబ్బరి చిప్పను నీళ్ళ బకెట్లో వెల్లకిలా వదిలితే తేలుతుంది. దాన్నే పగలగొట్టి గోరంత ముక్క వేస్తే అడుక్కి పోతుంది. పిల్లలతో ‘తేలేవి, మునిగేవి’ చేయించేటప్పుడు పట్టిక తప్పుల తడకయ్యేది ఇక్కడే. చిప్ప తేలింది ఆకారం వల్ల, ముక్క మునిగింది పదార్థం వల్ల. మనం విడదీసేది పదార్థాల్ని కాబట్టి వీలైనవాటిని ముందే చిన్న ముక్కలు చేసుకోవాలి: కొబ్బరి చిప్ప, పీచు, తాటాకు, ఇటుక పెంకు, కొవ్వొత్తి, నీళ్ళసీసా, దాని మూత.

ముక్కను నీటి పైనుంచి పడెయ్యకుండా, వేళ్ళతో లోపలికి ముంచి, బుడగలు దులిపి వదలండి. పీచు అప్పటికీ తేలుతుంది, పోగుల మధ్య గాలి అంత తేలిగ్గా వదలదు. ఒక రాత్రి నానబెట్టి మళ్ళీ చూడండి. సీసా ముక్క మునిగి, మూత తేలితే పిల్లలు ఆశ్చర్యపోతారు. రెండూ ప్లాస్టిక్కే గానీ రకాలు వేరు, సీసాది నీటికన్నా సాంద్రత ఎక్కువ.

కరిగేవి చూడ్డానికి ఒకే కొలత గ్లాసుల్లో 200 మి.లీ. చొప్పున నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో చెంచా ఉప్పు, పంచదార, బెల్లం తురుము, బియ్యప్పిండి, పసుపు వేసి రెండు నిమిషాలు కలపండి. నీళ్ళు తెల్లబడ్డాయనో పచ్చబడ్డాయనో కరిగిందని రాసెయ్యకండి. అరగంట కదపకుండా ఉంచితే పిండి అడుగున పేరుకుంటుంది, అంటే కరగలేదు. బెల్లం గ్లాసులో మిగిలే నలుసులు బెల్లానివి కావు, మడ్డి. ఎంతైనా కరుగుతుందనీ అనుకోవద్దు: 100 మి.లీ. నీటిలో ఉప్పు సుమారు 36 గ్రాములే కరుగుతుంది, పంచదారైతే 200 గ్రాముల దాకా.

ఘనమా, ద్రవమా అన్న గడిలో కొబ్బరినూనె ఇబ్బంది పెడుతుంది. అది కరిగేది సుమారు 24 డిగ్రీల దగ్గర. ధనుర్మాసం తెల్లవారుజామున కోనసీమ ఇంట్లో గడ్డకట్టి ఉన్న సీసా మధ్యాహ్నానికి ధారకడుతుంది. ఆ గడి పక్కన చూసిన వేళ రాయండి.

అసలు సరదా అయస్కాంతంతో. పాత స్పీకర్లోంచి తీసింది చాలు. ఇనప మేకు, రూపాయి బిళ్ళ అంటుకుంటాయి. రాగి చెంబు, ఇత్తడి, అల్యూమినియం అంటుకోవు. స్టీలు గిన్నెల్లో రెండు రకాలూ ఉంటాయి. నికెల్ బాగా కలిపిన స్టీలు మామూలుగా అంటుకోదు, గిన్నె అంచు మడిచినచోట మాత్రం కాస్త లాగొచ్చు. అందుకే ఒక్కచోట పెట్టి తేల్చెయ్యకుండా అడుగు, పక్క, అంచు మూడూ చూడాలి.

గోదారి ఇసక ఉంటే ఇంకా మంచిది. రెండు గుప్పిళ్ళు ఎండలో బాగా ఆరబెట్టండి; తడి ఇసక గింజలు ఒకదానికొకటి అతుక్కుని, తెల్లవి కూడా నల్లవాటితో లేచొస్తాయి. అయస్కాంతాన్ని పల్చటి పాలిథీన్ కవర్లో చుట్టి, కాగితం మీద పరిచిన ఇసకపై నెమ్మదిగా తిప్పండి. నల్లటి రవ్వ కవరుకి కుచ్చులా అంటుకుంటుంది. వేరే కాగితం మీదికి తెచ్చి లోపలి అయస్కాంతం లాగేస్తే మొత్తం రాలిపోతుంది. కవరు లేకపోతే ఆ రవ్వను వదిలించలేక చస్తాం. అంతర్వేది వైపు సముద్రపు ఇసకలోనూ నల్ల గింజలుంటాయి, అయితే నల్లవన్నీ లేవవు: మాగ్నటైట్ అనే ఇనప ఖనిజం లేస్తుంది, ఇల్మనైట్ అనే ఇంకో నల్ల ఖనిజాన్ని మామూలు అయస్కాంతం సరిగా లాగలేదు.

చివరిగా ఉప్పు, ఇసక, ఇనపరజను ఒక్కో చెంచా కలిపిచ్చి విడదీయమనండి. పొడిగా ఉన్నప్పుడే అయస్కాంతం, తర్వాత నీళ్ళు, ఆపై గుడ్డలో వడపోత. వడిసిన నీటిని పళ్ళెంలో పోసి ఎండబెడితే ఉప్పు మిగులుతుంది. నీళ్ళు ముందే పోస్తే రజను ఇసకతో ముద్దయిపోయి, ఉప్పునీటికి తొందరగా తుప్పు కూడా పడుతుంది.