వైరు తొడుగు ఎలా ఒలవాలి? తొడుగు దెబ్బతింటే ఎలా బాగుచేయాలి?

చాలా ఇళ్లలో వైరు రిపేరు అంటే నల్ల టేపే. మిక్సీ వైరు చీలినా, ఇస్త్రీపెట్టె వైరు మొదట్లో విరిగినా, అటక మీద ఎలుక కొరికినా అదే మందు. తొడుగు పైపైన గీసుకుపోయి, లోపల రాగి బాగానే ఉంటే టేపు సరిపోతుంది. రాగి పోగులు తెగినా, నల్లబడినా మాత్రం టేపు ఆ సంగతిని కప్పిపెడుతుంది, అంతే. పోగులు తగ్గిన చోట వైరు వేడెక్కుతుంది, టేపు కింద అది కనబడదు. అందుకే ముందు వైరును పరీక్షగా చూసి, చుట్టాలా, కోయాలా, మొత్తం మార్చాలా అన్నది తేల్చుకోవాలి.

కరెంటు ఆపడం

ప్లగ్గుతో వాడే వస్తువైతే ప్లగ్గును సాకెట్‌లోంచి పీకి, కళ్లెదుట పెట్టుకోండి. స్విచ్ ఆఫ్ చేసి ఊరుకోవద్దు. కొన్ని ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద వేసేసి ఉంటారు. అలాంటప్పుడు ఫ్యాన్ ఆగుతుంది, లైటు ఆరుతుంది, వైరులో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది.

గోడ వైరింగ్ జోలికి వెళ్లాలంటే మెయిన్ దించాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అదీ చాలదు. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ లైట్లకూ ఫ్యాన్లకూ 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. కాబట్టి ఇన్వర్టర్‌ను కూడా ఆఫ్ చేయండి.

టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి, వెలుగుతోందని చూసుకోండి. ఆ తర్వాతే అన్నీ ఆపి, పని చేయబోయే వైరు మీద పెట్టండి. పాడైపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, దాన్ని నమ్మి చెయ్యి పెడితే ప్రాణం మీదకు వస్తుంది.

రంగుల దగ్గర కూడా ఒక చిక్కుంది. ఈమధ్య వచ్చే మిక్సీలు, గ్రైండర్ల వైర్లలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్త్. గోడ వైరింగ్‌లో మాత్రం మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజ్‌లే, నలుపు న్యూట్రల్. త్రీ ఫేజ్ ఇంట్లో గోడలోంచి వచ్చిన నీలం వైరును న్యూట్రల్ అనుకుంటే షాక్ ఖాయం. రంగు చూసి ఒక అంచనాకు రండి, టెస్టర్‌తో ఖాయం చేసుకోండి.

తొడుగు ఒలవడం

పళ్లతో లాగడం, అగ్గిపుల్లతో కాల్చి పీకడం మన దగ్గర మామూలే. రెండూ మానేయండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. పైగా రాగి మీద నల్లటి పొర కడుతుంది, అది స్క్రూ కింద సరిగ్గా పట్టుకోదు. వైర్ స్ట్రిప్పర్ హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది, ఏటా ఒకటి రెండుసార్లే వాడినా కొనదగ్గ వస్తువు.

మిక్సీ వైరులాంటి దానికి బయట ఒక మందపాటి తొడుగు, లోపల రెండు మూడు సన్న వైర్లు ఉంటాయి. బయటి తొడుగును పూర్తిగా కోసేయాలని చూడకండి. చివర నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర బ్లేడును చుట్టూ తేలిగ్గా తిప్పండి. సగం లోతు తెగితే చాలు. ఆ గీత దగ్గర వైరును అటూ ఇటూ వంచితే మిగతాది దానంతటదే విడిపోతుంది, అప్పుడు లాగేయండి. తర్వాత లోపలి వైర్లను ఒక్కొక్కటిగా వంచి చూడండి. ఏ ఒక్కదాని మీద బ్లేడు గీత పడినా ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

లోపలి వైర్లకు స్ట్రిప్పర్ వాడేటప్పుడు ముందు కాస్త పెద్ద గాడిలో పెట్టి చూడండి, తెగకపోతే దాని కింది సైజుకు రండి. స్ట్రిప్పర్ లేక బ్లేడుతోనే చేయాల్సి వస్తే పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా, మీ చేతికి దూరంగా గీయండి. బ్లేడును నిలువుగా పెట్టి చుట్టూ తిప్పితే రాగి మీద గాటు పడుతుంది. మార్కెట్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. బ్లేడు నాలుగింటిని తెంపితే వైరు దాదాపు ఐదో వంతు సన్నబడినట్టే. ఒంటి తీగ వైరైతే ఇంకా ప్రమాదం, గాటు పడిన చోట నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఎంత పొడవు ఒలవాలంటే, ప్లగ్గుకైనా స్విచ్‌కైనా సుమారు ఒక సెంటీమీటరు. బిగించాక రాగి బయటికి కనబడకూడదు, తొడుగు స్క్రూ కింద నలగకూడదు.

ప్లగ్గు దగ్గర చీలిన వైరు

ఇంట్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ప్లగ్గు పట్టుకోకుండా వైరు పట్టుకుని లాగుతాం కాబట్టి. దీనికి టేపు వద్దు. చీలిన చోటు దాటి కోసేసి కొత్త ప్లగ్ టాప్ బిగించండి. వైరు కొంచెం పొట్టిదవుతుంది, మిక్సీకి దానివల్ల నష్టమేమీ లేదు. పోతపోసిన పాత ప్లగ్గు ముక్కను వెంటనే చెత్తలో పడేయండి, పిల్లలెవరైనా దాన్ని సాకెట్‌లో గుచ్చితే ఆ కోసిన చివర్లలో కరెంటు ఉంటుంది.

1. కోసిన చోట రాగి మెరుస్తోందా చూడండి. నల్లగా ఉంటే మెరిసే రాగి కనబడేదాకా ఇంకాస్త కోయండి.

2. ప్లగ్ టాప్ మూతలోంచి వైరు దూర్చాల్సి ఉంటే ఇప్పుడే దూర్చండి. అన్నీ బిగించాక గుర్తొస్తే మళ్లీ విప్పాలి.

3. పోగులను ఒక వైపుకు మెలిపెట్టండి. సన్న వైరైతే మడిచి రెండు పేటలు చేయండి. సోల్డర్ (కరిగించి అతికే మెత్తటి లోహం) పూయకండి, స్క్రూ ఒత్తిడికి సోల్డర్ నెమ్మదిగా అణిగిపోయి బిగింపు వదులవుతుంది.

4. ఎర్త్‌ను పైనున్న లావు పిన్నుకు, ఫేజ్‌ను ఎల్ గుర్తు ఉన్నదానికి, న్యూట్రల్‌ను ఎన్ గుర్తు ఉన్నదానికి బిగించండి. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా ఒక సెంటీమీటరు పొడవు ఉంచండి. ఎప్పుడైనా వైరు గుంజుకుపోతే అదే ఆఖరున ఊడాలి.

5. బయటి మందపాటి తొడుగు ప్లగ్గు లోపలి పట్టీ కింద ఉండాలి. ఈ పట్టీ బిగించకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. అది లేకపోతే లాగిన ప్రతిసారీ బరువంతా స్క్రూల మీదే పడుతుంది.

టేపు ఎప్పుడు, ఎలా

రాగికి దెబ్బ తగలకుండా తొడుగు మాత్రమే గీసుకుపోయి, ఆ చోటు వేడీ తడీ తగలనిదైతే టేపు వేయొచ్చు. వంటింటి వైరు మీద నూనె జిడ్డు ఉంటుంది, దాన్ని శుభ్రంగా తుడవకపోతే టేపు వారం నిలవదు. గాటుకు రెండు వేళ్ల ముందు, బాగున్న తొడుగు మీద మొదలుపెట్టి, కొంచెం సాగదీస్తూ ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టండి. గాటు దాటి రెండు వేళ్లు వెళ్లాక అలాగే వెనక్కి రండి. ఆఖరి చుట్టును మాత్రం సాగదీయకండి, సాగదీస్తే నాలుగు రోజులకు చివర లేచి వేలాడుతుంది. మన ఎండల్లో చవక టేపు జిగురు కారిపోతుంది కాబట్టి పది రూపాయలు ఎక్కువైనా మంచిది కొనండి.

హీట్ ష్రింక్ స్లీవ్ (వేడిచేస్తే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) ఇంకా మేలు. కాకపోతే వైరు చివర విప్పి ఉన్నప్పుడే దాన్ని ఎక్కించగలం. వేడిచేసేటప్పుడు మంటను ఒకేచోట ఉంచితే పక్క తొడుగూ కరుగుతుంది, హీట్ గన్ ఉంటే సుఖం.

ఇస్త్రీపెట్టె దగ్గర రెండూ వద్దు. ఆ వేడికి మామూలు పీవీసీ టేపు మెత్తబడి జారిపోతుంది. దాని వైరే మార్చాలి, అదీ ఇస్త్రీపెట్టె కోసం అమ్మే గుడ్డ అల్లిక ఉన్న వైరే కొనాలి.

రిపేరు చేయకూడనివి

గోడ పైపులో వైరు దెబ్బతింటే పైపు లోపల అతుకు పెట్టకూడదు. అతుకు వదులై వేడెక్కినా చూసే దారి ఉండదు. పాత వైరు చివరకు కొత్త వైరు కట్టి, బాక్సు నుంచి బాక్సు దాకా మొత్తం లాగించాలి. మేడమీద ఎండకు ఎండిన వైరు, పాత ఇళ్ల చెక్కపట్టీల మీది రబ్బరు వైరు కూడా అంతే. వేలితో వంచితేనే తొడుగు పొడిపొడిగా రాలుతుంటే, ఒకచోట టేపు వేసేలోపు పక్కన ఇంకోచోట పగులుతుంది. ఎలుక కొరికితే కనిపించిన గాటు ఒక్కటే అనుకోకండి, ఆ వైరును చివరిదాకా వెతకండి. ఇవన్నీ లైసెన్సున్న వైర్‌మన్ చేయాల్సిన పనులు.

స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరును మాత్రం ఎవరూ సొంతంగా ముట్టుకోకూడదు, ఇంట్లో మెయిన్ దించినా అందులో కరెంటు ఉంటుంది. 1912కు ఫోన్ చేసి విద్యుత్ సంస్థకు చెప్పండి.

ఆఖరి పరీక్ష

ప్లగ్గు సాకెట్‌లో పెట్టేముందు మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో ఉంచండి. ఇస్త్రీపెట్టెలాంటి లోహపు వస్తువైతే ఒక మొన లావు పిన్నుకు, ఇంకోటి లోహపు భాగానికి తాకించండి, బీప్ రావాలి. మిగతా రెండు పిన్నులకూ ఆ లోహానికీ మధ్య రాకూడదు. వస్తే ఎక్కడో ఒక పోగు బయటికి వచ్చి తగులుతోంది, విప్పి చూడండి. అంతా సరిగ్గా ఉంటే పది నిమిషాలు నడిపి, ప్లగ్గు తీసి, పిన్నుల్నీ కొత్తగా బిగించిన చోటునూ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. వేలు పెట్టలేనంత వేడి ఉంటే స్క్రూ వదులుగా ఉందేమో, లేదా సాకెట్ పాతబడి పిన్నును గట్టిగా పట్టుకోవడం లేదేమో చూసుకోండి. లోపం సాకెట్‌లో ఉంటే ప్లగ్గులు ఎన్ని మార్చినా ఆ వేడి తగ్గదు, సాకెట్టే మార్చాలి.