అప్పు తీర్చడానికీ ఒక వరుస ఉంది

అప్పుల నుంచి బయటపడదలచిన కుటుంబం ముందుగా ప్రతి బాకీ వడ్డీనీ ఏడాది లెక్కకు మార్చి రాసుకోవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, క్రెడిట్ కార్డుపై నెలకు 3.5 శాతమంటే చక్రవడ్డీ కలపకుండానే 42 శాతం. వాయిదాలేవీ తప్పకుండా కడుతూ, మిగిలిన సొమ్మంతా అత్యధిక వడ్డీ ఉన్న బాకీకే జమ చేయాలి. బంధువుల చేబదులు ముందు తీర్చాలనిపించడం సహజమే గాని, వారు ఆగగలిగితే కార్డు బాకీయే ముందు తీరాలి.

ప్రాంసరీ నోటు మీద తెచ్చిన అప్పుకు కొంత కట్టిన ప్రతిసారీ నోటు వెనుక తేదీతో చెల్లు వేయించి, ఫోటో తీసుకోవాలి. పూర్తిగా తీరిన రోజున ఆ నోటు చేతికి రానిదే అక్కడి నుంచి కదలకూడదు. చీటీ పాడి అప్పు తీర్చదలిస్తే, పాటలో వదులుకునే సొమ్మును కూడా వడ్డీగానే లెక్కగట్టాలి.