ఫైల్ తెరిచే ఉంది, పని కదలడం లేదు: లోపం ఎక్కడో ఇలా పట్టుకోండి

పని మీద మనసు నిలవడం లేదంటే అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: ఫోన్ పక్కన పెట్టు. ఏ జ్వరానికైనా ఒకటే గోలీ ఇచ్చినట్టు ఉంటుంది ఇది. మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ రిపోర్టులు చేస్తున్నాను. నేను చూసినంతలో పని మూడు నాలుగు చోట్ల చెడుతుంది, ఒక్కోదానికి మందు వేరు. ముందు మీ లక్షణం ఏదో చూసుకోండి.

లక్షణం: కాల్ అయ్యాక అరగంట దాకా పని ఎక్కదు

షీట్ ఎదురుగానే ఉంటుంది. తలలో మాత్రం ఇందాక కాల్‌లో ఎవరో అన్న మాటే తిరుగుతుంటుంది.

కారణం: ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని 'అటెన్షన్ రెసిడ్యూ' అన్నారు. తోమిన గిన్నె అడుగున మిగిలిపోయే జిడ్డు లాంటిది. చాట్‌లో పింగ్ వచ్చినా, "అన్నా, ఒక్క నిమిషం" అంటూ ఎవరైనా కుర్చీ పక్కకు వచ్చినా జరిగేది ఇదే.

పరిష్కారం: లేచే ముందు రెండు ముక్కలు రాయండి. ఎక్కడ ఆపాను, వచ్చాక మొదట ఏం చేయాలి. లెరాయ్, థెరిసా గ్లాంబ్ కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా రాసుకుని లేచినవాళ్లు తర్వాతి పనిలో మెరుగ్గా నిలబడ్డారు. నా కీబోర్డు పక్కన చిన్న స్పైరల్ నోట్‌బుక్ ఉంటుంది. నిన్నటి పేజీలో ఇలా ఉంది: "జులై టోటల్‌లో 4,200 తేడా. వెండర్ లిస్టు దాకా సరిపోయింది. వచ్చాక క్రెడిట్ నోట్లు చూడు." పిలిచిన అబ్బాయిని అర నిమిషం ఆగమని, ఇది రాశాకే లేచాను. తిరిగి వచ్చి కూర్చోగానే చెయ్యి నేరుగా క్రెడిట్ నోట్ల ఫైల్ మీదకే వెళ్లింది. ఈ ముక్క ఫోన్‌లో మాత్రం రాయకండి. రాద్దామని తీస్తే ఇంకేదో కనిపిస్తుంది.

లక్షణం: మెసేజ్ రాకపోయినా చెయ్యి ఫోన్ మీదకు పోతుంది

చెయ్యి వెళ్లిన క్షణంలో ఏ పని మీద ఉన్నారో రెండు రోజులు గమనించండి. చాలాసార్లు అది తర్వాత ఏం చేయాలో తెలియక ఆగిన చోటే అవుతుంది. "బడ్జెట్ రివ్యూ" అని రాసుకుంటే ఎటు నుంచి మొదలుపెట్టాలో తోచదు. "మార్చి ఖర్చుల్లో పెద్దవి పది తీయాలి" అని రాసుకుంటే పని దానంతటదే మొదలవుతుంది.

ఏ పనిలో ఉన్నా చెయ్యి పోతుంటే అది అలవాటు. అప్పుడు ఫోన్ బ్యాగులో ఉండాల్సిందే. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ పేరెంట్స్ గ్రూపు, ఎప్పుడో పెళ్లి కోసం పెట్టి ఇంకా నడుస్తున్న చుట్టాల గ్రూపు, వీటన్నిటినీ వాట్సాప్‌లో శాశ్వతంగా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. ఆర్కైవ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొత్త మెసేజ్ వచ్చినా అవి పైకి రావు. గ్రూపులోంచి బయటికి వస్తే పెద్దమ్మ బాధపడుతుంది, మ్యూట్ చేసినట్టు ఎవరికీ తెలియదు. డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఇంటి నంబర్లకూ పిల్లల స్కూలుకూ మినహాయింపు ఇవ్వండి. అమ్మ ఫోన్ చేస్తే మోగుతుందన్న ధైర్యం ఉంటేనే ఫోన్ దూరంగా పెట్టగలం.

లక్షణం: రోజంతా కష్టపడినా ఏదీ పూర్తికాదు

చేతిలో సగంలో ఉన్న పనులు లెక్కపెట్టండి. పన్నెండు పనులు నడుస్తూ వారానికి మూడు పూర్తవుతుంటే, ఒక్కోదానికి సగటున నాలుగు వారాలు పడుతుంది. అదే వేగంతో ఆరే పెట్టుకుంటే రెండు వారాలు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన క్యూ సూత్రం ఇది. పనుల మధ్య తిరగడం వల్ల పోయే టైమ్ ఈ లెక్కలో లేదు, అది అదనం.

పై అధికారికి కుదరదని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక నెలాఖరుకి అన్నిటికీ సరేనని మూడు రిపోర్టులూ ఆలస్యం చేశాను. అప్పటి నుంచి లిస్టు చేతిలో పట్టుకుని వెళ్లి అడుగుతున్నాను: "సార్, ఇది ఇవాళ మొదలుపెడితే వెండర్ రిపోర్టు శుక్రవారానికి వాయిదా పడుతుంది. ఏది ముందు కావాలి?" చాలాసార్లు ఆయనే ఒకటి పక్కన పెట్టించారు. నా దగ్గర ఎన్ని ఉన్నాయో ఆయనకు అంతకుముందు తెలియదు.

లక్షణం: కష్టమైన పని ఎప్పుడూ సాయంత్రానికి జారుతుంది

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 7:30. అమెరికా వాళ్లతో ఆ టైమ్‌కి కాల్స్ మొదలయ్యాక లెక్కలకు తల పనిచేయదు. పొద్దున రాగానే మెయిల్ తెరిస్తే రాత్రంతా వచ్చినవి ఒక్కసారిగా మీద పడతాయి. మొదటి గంటన్నర కష్టమైన పనికి క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, మెయిల్ ఆ తర్వాతే చూడండి. మనకు 9:30 అయ్యేసరికి వేసవిలో అక్కడ అర్ధరాత్రి. మీ జవాబు కోసం మేలుకుని ఎవరూ కూర్చోరు.

ఇంట్లో కుదరని రోజున చదవాల్సినవి ప్రింట్ తీసుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. గ్రూప్స్‌కి చదివే పిల్లలతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్తేనే కుర్చీ దొరుకుతుంది.