తిరుపతి నుంచి ఒక్కరోజులో సముద్రం చూసి రావాలంటే

కొండ దిగాక ఒకరోజు ఖాళీ ఉందా? సముద్రం కోసం చెన్నై దాకా పోనక్కర్లేదు. తెల్లారేసరికి బయల్దేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరండి, టిఫిన్ అక్కడే కానిచ్చి చెంగాళమ్మకు దండం పెట్టుకుని శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. డిసెంబరు, జనవరిల్లో వెళ్తే ఫ్లెమింగోలు గుంపులుగా కనిపిస్తాయి, కాకపోతే దూరంగా ఉంటాయి కాబట్టి బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, ఫోన్ జూమ్‌తో తీస్తే తెల్ల చుక్కలే వస్తాయి (నా ఫోటోలన్నీ అంతే!). ఎండాకాలంలో మాత్రం వద్దు, నీళ్లు చాలావరకు ఎండిపోయి ఉంటాయి.

షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) లోపలికి ఊరికే పోనివ్వరు, రాకెట్ ప్రయోగం చూడాలంటే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) కూడా చూసేయండి.

అసలు సముద్రం కావాలంటే వాకాడు వైపు తూపిలిపాలెం. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. మోకాళ్ల లోతు దాటొద్దు. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.