త్రికోణమితి సొంతంగా – 4వ పాఠం: దారంతో కోణం కొలుద్దాం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం: పది నిమిషాల్లో గడియారం ముళ్లు ఎన్ని డిగ్రీలు తిరుగుతాయి? గోడ గడియారంలో పది నిమిషాలు గడిస్తే పెద్ద ముల్లు 60 డిగ్రీలు, చిన్న ముల్లు 5 డిగ్రీలు తిరుగుతాయి. చిన్న ముల్లు దగ్గర తడబడినవాళ్లు అది గంటకు 30 డిగ్రీలే నడుస్తుందని గుర్తుపెట్టుకుని మళ్లీ చేయండి. ఈ పాఠానికి అంతవరకు వస్తే చాలు.

ఈసారి రేడియన్ అనే కోణం కొలత నేర్చుకుందాం. పెన్ను కంటే చేతిపనే ఎక్కువ. వృత్తలేఖిని, కోణమానిని, స్కేలు, కత్తెర, కొంచెం దారం దగ్గర పెట్టుకోండి. మిషన్ దారం సన్నగా ఉండి జారిపోతుంది. పూలు కట్టే దారమైతే గీత మీద నిలుస్తుంది.

వృత్తలేఖినిని 10 సెం.మీ. తెరిచి వృత్తం గీయండి. పేజీలో పట్టకపోతే సగం వృత్తమైనా సరే. కేంద్రం నుంచి వృత్తం దాకా ఒక గీత గీసి, అది తాకిన చోట చుక్క పెట్టండి. ఇప్పుడు సరిగ్గా 10 సెం.మీ. దారం కత్తిరించండి. ఒక కొసను ఆ చుక్క మీద వేలితో నొక్కిపట్టి, మిగతా దారాన్ని వృత్తం గీత వెంబడే వంపు తిప్పుతూ పరచండి. రెండో కొస ఆగిన చోట ఇంకో చుక్క పెట్టి, దాన్ని కేంద్రంతో కలపండి. మధ్యలో ఏర్పడిన కోణం మీద కోణమానిని పెట్టి చూస్తే 57 దాటి కొంచెం ఉంటుంది. ఆ కోణమే ఒక రేడియన్. చాపం (దారం పరిచిన వృత్తం వంపు ముక్క) పొడవు వ్యాసార్ధంతో సమానమైనప్పుడు కేంద్రం దగ్గర ఏర్పడే కోణం అన్నమాట.

60 వచ్చిందా? అయితే దారాన్ని గీత మీద వంచకుండా తిన్నగా లాగి పట్టుకున్నారు. అలా లాగితే అది చాపం కాదు, జ్యా అవుతుంది. రెండు వ్యాసార్ధాలు, వాటంతే పొడవున్న జ్యా కలిస్తే సమబాహు త్రిభుజం వస్తుంది కాబట్టి కోణం 60 డిగ్రీలు. అదే పొడవు వంపు తిరిగితే అంత దూరం చేరలేదు, రెండు మూడు డిగ్రీల ముందే ఆగిపోతుంది. పరీక్షల్లో ‘ఒక రేడియన్ 60 డిగ్రీలా?’ అని తికమక పెట్టేది ఇక్కడే.

ఇప్పుడు 5 సెం.మీ. వ్యాసార్ధంతో చిన్న వృత్తం గీసి, 5 సెం.మీ. దారంతో అదే పని చేయండి. కోణం మారదు. బస్సు చక్రమంత వృత్తం గీసినా మారదు. ఎందుకంటే మనం కొలుస్తున్నది చాపం పొడవును కాదు, చాపంలో వ్యాసార్ధం ఎన్నిసార్లు పడుతుందన్నదాన్ని. సెంటీమీటర్లను సెంటీమీటర్లతో భాగిస్తే మిగిలేది ఉత్త సంఖ్యే. అందుకే చాలాచోట్ల రేడియన్ అని పక్కన రాయకుండా కోణం 1.2 అని వదిలేస్తారు. డిగ్రీకి అలా కుదరదు. చుట్టును 360 భాగాలు చేయాలన్నది మనుషులు పెట్టుకున్న ఏర్పాటు, వృత్తం చెప్పింది కాదు.

పూర్తి వృత్తం గీసినవాళ్లు దారాన్ని చుట్టూ జరుపుకుంటూ పోండి. ఆరుసార్లు పట్టి, 2.8 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. పరిధి 2 × 3.14 × 10, అంటే 62.8 సెం.మీ. కాబట్టి ఒక చుట్టు అంటే 6.28 రేడియన్లు, అంటే 2π. సగం చుట్టు π. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: 180 డిగ్రీలు = π రేడియన్లు. డిగ్రీల నుంచి రేడియన్లకు ఒక సూత్రం, అటు నుంచి ఇటు ఇంకో సూత్రం అని బట్టీ పట్టకండి, పరీక్ష టెన్షన్‌లో రెండూ తారుమారవుతాయి. 30 డిగ్రీలంటే 180లో ఆరో వంతు, కాబట్టి π/6. 45 అయితే నాలుగో వంతు, π/4. ఒక రేడియన్ కావాలంటే 180ని 3.14159తో భాగించండి: 57.2958 డిగ్రీలు, అంటే 57 డిగ్రీల 17 నిమిషాల 45 సెకన్లు. ఇవి గడియారం నిమిషాలు కావు: డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం, అందులో అరవయ్యో వంతు ఒక సెకను.

ఇది కొత్త ఆలోచన అనుకునేరు. పేరు కొత్తదే. రేడియన్ అన్న మాట మొదట అచ్చయింది 1873లో, ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ తయారుచేసిన ప్రశ్నపత్రంలో. కానీ క్రీ.శ. 499 నాటి, ఆర్యభటుడు రాసిన ఆర్యభటీయంలోని జ్యాల పట్టికను విప్పి చూడండి (ఇక్కడ జ్యా అంటే పైన దారం తిన్నగా లాగినప్పుడు వచ్చినది కాదు, మన సైన్ లాంటిది). చుట్టు మొత్తం 360 × 60, అంటే 21,600 నిమిషాలు. ఆయన వృత్త పరిధిని 21,600గా తీసుకుని, వ్యాసార్ధాన్ని కూడా ఆ నిమిషాల్లోనే లెక్కించాడు. ఆయన ఇచ్చిన π విలువ 3.1416. 21,600ని దానికి రెట్టింపుతో భాగిస్తే 3437.7 వస్తుంది, దగ్గరి పూర్ణసంఖ్య 3438. పట్టికలో చివరి జ్యా సరిగ్గా అదే. ఒక రేడియన్‌ను నిమిషాల్లోకి మార్చినా వచ్చేది ఇదే సంఖ్య! చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే కొలతతో కొలవాలన్న పట్టింపు అక్కడే ఉంది.

దాని ఫలితం పట్టిక మొదట్లోనే కనిపిస్తుంది. ఆయన జ్యా అంటే ఇప్పటి మన సైన్‌ను 3438తో గుణించినది. చాపం 225 నిమిషాలు, అంటే మూడు ముప్పావు డిగ్రీలు ఉన్నప్పుడు జ్యా కూడా 225. చాపం 450 అయితే జ్యా 449. 675 అయితే 671. మెల్లగా ఎడం పెరుగుతూ 1800 దగ్గర, అంటే 30 డిగ్రీలకు, 1719 అవుతుంది. అది 3438లో సరిగ్గా సగం. సైన్ 30 సగం అని మనం పదో తరగతిలో నేర్చుకున్నది ఇదే. మొదటి వరుసను మరోసారి చూడండి: కోణం చిన్నదైతే సైన్, కోణం దాదాపు ఒకటే. ఇది రేడియన్లలోనే నిజం. కాలిక్యులేటర్‌లో చూసుకోవచ్చు: 5 డిగ్రీలంటే 0.0873 రేడియన్లు, దాని సైన్ 0.0872. కలనగణితంలో (కాలిక్యులస్) సైన్‌ను అవకలనం చేస్తే, అంటే అది మారే వేగం కడితే, శుభ్రంగా కొసైన్ రావడానికి కారణం ఇదే. డిగ్రీల్లో చేస్తే ప్రతి మెట్టు దగ్గరా π/180 తోకలా తగులుకుంటుంది.

కాలిక్యులేటర్ అన్నాం కాబట్టి ఒక జాగ్రత్త. సైన్ 30 నొక్కితే 0.5 బదులు −0.988 వచ్చిందంటే మెషీన్ పాడైనట్టు కాదు, రేడియన్ మోడ్‌లో ఉంది. 30 రేడియన్లంటే నాలుగు చుట్లు తిరిగి, ఐదో చుట్టులో ముప్పావు దాటిన చోటు. అక్కడ సైన్ అంతే. ఎక్సెల్, పైథాన్ లాంటివి మిమ్మల్ని అడగకుండానే రేడియన్లు అనుకుంటాయి. డిగ్రీలు ఇవ్వాలంటే ముందు మార్చాలి.

ఇక లెక్కల్లోకి. చాపం = వ్యాసార్ధం × కోణం. త్రిజ్యాంతరం (రెండు వ్యాసార్ధాల మధ్య ఉన్న వృత్తం ముక్క) వైశాల్యం = వ్యాసార్ధం వర్గంలో సగం × కోణం. రెండో దాంట్లో కోణం 2π పెట్టి చూస్తే మనకు తెలిసిన వృత్త వైశాల్యమే వస్తుంది, కాబట్టి దాని దగ్గర ఆగొద్దు. మొదటిది మాత్రం చాలా పనికొస్తుంది.

మీ నెత్తి మీద తిరిగే సీలింగ్ ఫ్యానే తీసుకోండి. షాపులో 48 ఇంచుల ఫ్యాన్ అని అడుగుతాం, పెట్టె మీద 1200 మి.మీ. అని ఉంటుంది. అంటే మధ్య నుంచి రెక్క కొస దాకా 0.6 మీటరు. నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక చుట్టు 2π కాబట్టి సెకనుకు 350 × 6.283 ÷ 60, అంటే 36.65 రేడియన్లు. దాన్ని 0.6తో గుణిస్తే సెకనుకు 22 మీటర్లు. గంటకు దాదాపు 79 కిలోమీటర్లు! రెక్క మధ్య భాగం ఇందులో సగం వేగంతోనే పోతుంది, కోణం ఒకటే అయినా వ్యాసార్ధం సగమే కాబట్టి. ఇదే డిగ్రీల్లో చేస్తే సెకనుకు 2100 డిగ్రీలు వస్తుంది. దాన్ని 0.6తో గుణించి 1260 అని రాస్తే ఆ సంఖ్యకు అర్థమే ఉండదు.

ఇంటిపని మూడు లెక్కలు. ఒకటి, 75 డిగ్రీలను π రూపంలోనే రేడియన్లలో రాయండి, దశాంశాల్లోకి వెళ్లొద్దు. రెండు, నిమిషాల ముల్లు 12 సెం.మీ. ఉంటే 20 నిమిషాల్లో దాని కొస ఎంత దూరం పోతుంది? మూడోది కాస్త పెద్దది. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, నాగపూర్‌ది 21.1. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. రెండు ఊళ్ల మధ్య నేల వంపు వెంబడి తిన్నగా ఎంత దూరమో కట్టండి. రోడ్డు దూరంతో పోల్చి కంగారుపడొద్దు, రోడ్డు వంకర్లు తిరుగుతుంది. వచ్చే పాఠంలో జవాబులు చూసుకుని, రేడియన్లను అడ్డంగా పరిచి సైన్ అలను గీద్దాం. గ్రాఫ్ కాగితం తెచ్చిపెట్టుకోండి.